గోధుమరంగు ఆడ ఈగ

నమోదు 1. తరం 212, రోజు 3.

ఈ ఉదయం ఈగల శాలాధిపతి ఇందుశేఖర్ నా చేతికి ఒక ఉత్తర్వు ఇచ్చాడు. అందులో వాక్యాలు మూడు. ఒకటి: వడపోత గది నేటితో మూసివేయడమైనది. రెండు: ఆ గదిలోని పనివారు కూర్మారావు, అసిరమ్మ పెద్ద వరుసలో మేత కలిపే పనికి మారవలెను. మూడు: వడపోత పంజరాలలోని ఈగలన్నిటినీ చంపివేయవలెను.

ఆ కూర్మారావును నేనే. రెండుసార్లు చదివాను. నకలు రాసుకుని, దాని మీద కూడా సంతకం అడిగాను.

"నీకన్నీ కాగితం మీద కావాలి" అన్నాడు సంతకం చేస్తూ.

"అవునండి. నాకు జ్ఞాపకం తక్కువ" అన్నాను.

అది అబద్ధం. తొమ్మిదేళ్ళ కిందట, 81వ తరంలో, ఇదే మనిషి ఇదే ఉత్తర్వును నా తోడబుట్టిన అప్ప పైడితల్లికి నోటిమాటగా ఇచ్చాడు. అప్పట్లో వడపోత గదికి పెద్ద ఆమె. గది మూసిన నాలుగు నెలలకు తోటలో జామ కుళ్ళింది. ఇందుశేఖర్ సభ ముందు నిలబడి, పైడితల్లి గాలికిటికీ వల కట్టడం మరిచిపోయింది, బయటి ఈగ లోపలికి వచ్చింది అని చెప్పాడు. గది మూయమని తాను ఎన్నడూ అనలేదన్నాడు. "అవి బయటి ఈగలు కావు, మనవే" అని అప్ప అంటూనే ఉంది. సభ కొత్త ఈగలు తెప్పించి గది మళ్ళీ తెరిపించింది, ఆమెను మాత్రం శిక్షపడ్డవాళ్ళు ఉప్పు లాగే ఉప్పుమేరకు పంపింది. ఆమె ఇంకా అక్కడే ఉంది.

అప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. నీటిగొట్టాలు బిగించేవాణ్ణి. ఈగకు రెక్కలెన్నో కూడా తెలియదు. ఆ తరువాత తెలుసుకున్నాను. తోట గ్రంథాలయంలో ఈగల మీద ఉన్న పుస్తకాలు పద్నాలుగు. అన్నీ చదివి, ఏడింటికి సూచికలు నా చేతితో రాసి, శాలలో పనికి చేరాను.

నాకు కావలసినవి రెండు. ఒకటి, అప్ప పేరు మీది మచ్చ సభలోనే పోవాలి. రెండు, ఆమె నిలబడిన ఉప్పుమడిలో ఇందుశేఖర్ నిలబడాలి. మొదటిదాన్ని ముందు రాసింది మర్యాద కోసం.

నమోదు 2. తరం 212, రోజు 4.

ఉదయం చేసిన పనులు: పంజరాలు ఆరు శీతలపెట్టెలో పెట్టడం. ఈగలు పడిపోయే వరకు ఆగడం. తూకం వేసి ఎరువు గుంటలో కలపడం. తట్టలు ఉడికించడం. గది తాళం కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవడం.

పురుగు ఈగగా మారే ముందరి నిద్రదశను మేము గింజ అంటాము; చూడడానికి గోధుమ గింజలాగే ఉంటుంది. పదకొండో తోటలో ఆరువందల నలభై కుటుంబాలు ఆ గింజల మీద బతుకుతున్నాయి. మందు కొట్టడానికి వీలు లేదు. చెట్లకు పోసిన నీరే ఆవిరై గాజుకప్పుకు పట్టి మా కుండల్లోకి దిగుతుంది. అందుకని రోజుకు ఇరవై లక్షల మగ ఈగలను పెంచి, కిరణాల పెట్టెలో పెట్టి, సంతానశక్తి తీసివేసి చెట్ల మధ్య వదులుతాము. గాలికిటికీల సందున దూరి వచ్చిన ఆడ ఈగలు వీటితో జతకడతాయి. ఆ గుడ్లు పగలవు. కాయ నిలుస్తుంది.

వదిలేవి మగవే అయి ఉండాలి. వాటిలో ఆడది ఒక్కటీ ఉండకూడదు.

అసిరమ్మకు అరవై దాటాయి. ముప్ఫై ఏళ్ళుగా గింజలు ఏరిన చేయి ఆమెది. ఖాళీ గదిని చూసి చీరకొంగుతో బల్ల తుడిచింది. తుడవడానికి అక్కడేమీ లేదు.

"ఇది ఆపీసినాక ఏటవుద్దిరా, కూర్మా?"

"చూడాలత్తా."

"సూడ్డానికి నువ్వున్నావు. సెప్పడానికెవులున్నారు?"

నేను తట్టలు లెక్కపెడుతున్నట్టు నటించాను. తట్టలు నలభై ఎనిమిది.

నమోదు 3. తరం 212, రోజు 9.

పెద్ద వరుసలో, అంటే వదలవలసిన ఈగలను పెంచే చోట, మేత కలపడం: గోధుమ తవుడు, ఈస్టు, చక్కెర, నీరు. బస్తాకు ఇంత అని పలక మీద రాసి ఉంది. ఆ పలకలో రెండు తప్పులున్నాయి. దిద్దలేదు. వాటిని దిద్దమని నాకెవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అసిరమ్మ అరటిపండు మీద ముసురుతున్న చిన్న ఈగలను తోలుతూ, "ఇవీ మనవేనేటి?" అని అడిగింది.

"కావు. అవి పులుపు ఈగలు. వాటి చట్టం వేరు."

"ఈగలకి సట్టాలా?"

చెప్పాను. మన పండు ఈగలో మగతనమంతా వై క్రోమోజోము మీది ఒక చిన్న ముక్కలో ఉంది. ఆ ముక్క అందిన గుడ్డు మగది, అందనిది ఆడది. పులుపు ఈగలో వై పెత్తనం చెల్లదు. అక్కడ ఎక్స్ లెన్ని అన్నదే లెక్క: రెండుంటే ఆడది, ఒకటుంటే మగది. వై అసలు లేకపోయినా మగదే అవుతుంది, పిల్లలు మాత్రం పుట్టవు.

"మనదాన్లో మగోడవ్వడానికి అంత సిన్న ముక్క సాలేటి?" అంది అసిరమ్మ. "నానింకా పెద్దదేదో ఉంటాదనుకున్నాను."

పక్క బల్ల మీది వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత చెప్పినది నెమ్మదిగా, ఆమెకు మాత్రమే వినబడేలా చెప్పాను.

పూర్వం ఒకరెవరో గింజకు గోధుమరంగునిచ్చే ముక్కనూ, వేడిని తట్టుకునే ముక్కనూ విరిచి వై మీద అతికించారు. అందువల్ల మన మగగింజ గోధుమరంగు, ఆడగింజ తెలుపు. గుడ్లను ఒక పగలూ రాత్రీ వెచ్చని నీటిలో ఉంచితే ఆడవి చస్తాయి, మగవి బతుకుతాయి. వదలడానికి అవే పనికివస్తాయి. అయితే అతుకు అతుకే. ఏ పది వేలకో ఒకసారి, తండ్రి ఈగలో బీజం తయారయ్యేటప్పుడు, ఆ ముక్కలు వై నుంచి ఊడి పాత చోటికి పోతాయి. అప్పుడు గోధుమరంగు ఆడది పుడుతుంది. దానికి వేడినీరు లెక్కలేదు. రంగు చూసి ఏరడానికీ దొరకదు. గట్టి పిండం, తొందరగా పెరుగుతుంది, మిగతావాటిని తోసేస్తుంది. దాన్ని మొదట్లోనే పట్టుకుని నలపడమే వడపోత గది పని. అలా శుద్ధిచేసిన పంజరాల నుంచే పెద్ద వరుసకు కొత్త ఈగలు వెళతాయి.

"అది నాకు తెల్దేటి? ముప్పయ్యేళ్ళు నలిపినాను" అంది అసిరమ్మ. "ఆ బాబుకి తెల్దా?"

తెలియదు. ఈ సంగతి మొత్తానికి ఇరుసు అదే. ఇందుశేఖర్ చదువంతా పులుపు ఈగ మీద సాగింది. అతని పట్టా దాని మీదే. పులుపు ఈగ మగదానిలో ముక్కలు ఒకదాని మీది నుంచి ఒకదాని మీదికి మారవు. ఎన్నడూ మారవు. అది నిజమే, నా పద్నాలుగు పుస్తకాల్లో ఆరు ఆ మాటే అంటాయి. దాన్ని అతను పండు ఈగకూ వర్తింపజేశాడు. మగ ఈగలో మార్పు లేదు, కాబట్టి అతుకు ఊడదు, కాబట్టి వడపోత వృథా. గొలుసు చక్కగా ఉంది, మొదటి లంకె వేరే ఈగది.

తొమ్మిదేళ్ళ కిందట కూడా వల సంగతిలో అతను అబద్ధమాడుతున్నానని అనుకుని ఉండడు. వల విప్పి ఉండబట్టే ఇలా అయిందని తనకు తానే నమ్మి ఉంటాడు. ఇది రాయడం న్యాయం కాబట్టి రాశాను. నా లెక్కలో దీనివల్ల ఏ మార్పూ లేదు.

నమోదు 4. తరం 212, రోజు 20.

మేత పరీక్షకు పనివాళ్ళు ఒక సీసా ఉంచుకోవచ్చు. నా సీసాలో రోజుకు వెయ్యి గోధుమ గింజల చొప్పున పది రోజులు పొదిగించాను. బయటికి వచ్చిన ఈగలను ఒక్కొక్కటి భూతద్దం కింద చూశాను. ఆడదానికి తోక చివర గుడ్లు పెట్టే సూది ఉంటుంది. పొరబడే అవకాశం లేదు.

పది వేలకు ఆడవి: 2.

నమోదు 5. తరం 213, రోజు 20.

పది వేలకు: 9.

ఈ ఉదయం ఇందుశేఖర్ మేత గదికి వచ్చి, దిగుబడి పదోవంతు పెరిగిందని, మిగులు గింజలు తొమ్మిదో తోటకు పంపబోతున్నామని ప్రకటించాడు. తోటలన్నిటినీ ఏలే పై మండలిలో అతనికి స్థానం రావచ్చునని అందరూ అనుకుంటున్నారు. నా భుజం తట్టాడు. "చూశావా కూర్మారావు, ఆ గదిలో ఇన్నాళ్ళు నీ శక్తి వృథా చేశాం" అన్నాడు.

"అవునండి" అన్నాను.

భుజాన్ని తరువాత కడుక్కున్నాను.

నమోదు 6. తరం 214, రోజు 21.

పది వేలకు: 41.

నేను ఏమీ చెడగొట్టడం లేదు. ఏమి చేయడం లేదో రాస్తున్నాను, ఎవరైనా చదివితే తెలియాలని: వల విప్పలేదు. గుడ్ల నీటి వేడి తగ్గించలేదు. తెల్ల గింజలు కలపలేదు. నాకిచ్చిన ఉత్తర్వును అక్షరం తప్పకుండా పాటించాను. అతని మాటే అతని మీదికి నడిచి వస్తుంది. నేను దారిలో నుంచి తప్పుకున్నాను.

తొమ్మిదో తోటకు వెళ్ళవలసిన గింజల బండి దారి తెగి ఆగిపోయింది. సంతోషించాను. ఆ తోటవాళ్ళు మాకేమీ చేయలేదు.

నమోదు 7. తరం 215, రోజు 19.

పది వేలకు: 185.

కిరణాల పెట్టెలోంచి వచ్చిన ఆడదానికి గుడ్లు పుట్టవు, కాయను సూదితో పొడిచే అలవాటు మాత్రం పోదు. పైగా వదిలిన మగవి బయటి ఆడవాటి కోసం వెతకడం మాని పక్కనే ఉన్న వీటితోనే జతకడతాయి. నష్టం రెండు వైపులా.

అసిరమ్మకు ఏడో వరుసలో జామచెట్లు ముప్ఫై రెండు ఉన్నాయి. శాలలో ముప్ఫై ఏళ్ళ సేవకు తోట ఇచ్చినవి. మూడు రోజుల కిందట అన్నాల దగ్గర ఒక దోరకాయ తెచ్చి నా ముందు పెట్టింది. మీద సూది మొన మోపినంత నల్లమచ్చ, చుట్టూ మెత్తబడిన చర్మం. ఆమె కత్తితో రెండు చెక్కలు చేసింది.

"లోపల పురుగులేదు సూసినావా?"

"చూశాను."

"పోటుంది, పురుగులేదు. పైడితల్లి అప్పుడిదే సెప్పింది. నానే ఇన్లేదు." చెక్కలను బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "నీకు తెలిసే ఉంది."

అవునన్నట్టు తలూపాను.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి."

ఆమె కత్తిని కొంగుతో తుడిచింది. తరువాత, "మీ అప్ప ఉప్పులో ఉంటే నాకూ ఏడుపే. దానికి నా సెట్లేటి సేసినాయిరా?" అంది.

"ఇంకో రెండు తరాలు ఆగాలత్తా. ఇప్పుడు చెబితే రెండు శాతం లోపే. పొరపాటు అంటాడు, సర్దేస్తాడు, గది మళ్ళీ తెరుస్తాడు. అతని నెత్తి మీదికి రాదు."

"నీకు నెత్తి కావాల. నాకు సెట్లు కావాల."

లేచి వెళ్ళింది. కాయ అక్కడే వదిలేసింది. ఆమె వెళ్ళి ఎవరికైనా చెబుతుందేమోనని మూడు రోజులు చూశాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు: అప్ప మాట వినని వాళ్ళలో తానూ ఒకతె.

నమోదు 8. తరం 216, రోజు 12.

మచ్చపడ్డ వరుసలు: ఐదు, ఏడు, ఎనిమిది, పదకొండు నుంచి పదహారు వరకు. చెట్ల కింద కాయలు రాలి పులిసిన వాసన శాల లోపలికి కూడా వస్తోంది. సభాపెద్ద తవిటమ్మ ఇందుశేఖర్‌ను పిలిపించి అడిగింది. అతను ఒక రోజు గడువు తీసుకున్నాడు.

నా పథకం ప్రకారం 217వ తరం వరకు ఆగాలి. అప్పటికి మూడింట ఒకటి ఆడది అవుతుంది. గుడ్డివాడికి కూడా చేతితో తడిమి చూపవచ్చు.

నమోదు 9. తరం 216, రోజు 13.

పథకం మారింది.

ఇందుశేఖర్ జవాబిచ్చాడు: గాలికిటికీ వల విప్పి ఉంది. బయటి ఈగ వచ్చింది. ఈ తరంలో వలలు కట్టే వంతు అసిరమ్మది.

పలక మీద వంతుల జాబితా నేను వెళ్ళి చూశాను. నిజమే, వంతు ఆమెదే. తొమ్మిదేళ్ళలో అతను కొత్త అబద్ధం కూడా తయారు చేసుకోలేదు. పాతదాన్నే దులిపి తెచ్చాడు.

రేపు మధ్యాహ్నం సభ. రుజువైతే ఉప్పుమేర. అరవై మూడేళ్ళ మనిషి అక్కడ ఒక వేసవి దాటదు.

ఈ రోజు వరకు లెక్క, పది వేలకు: 790. తక్కువే. చాలుతుంది.

సభకు తీసుకువెళ్ళవలసినవి: ఉత్తర్వు నకలు. భూతద్దం. తాళం ఇచ్చిన రసీదు. ఈ చిట్టా.

చివరిదాన్ని రెండుసార్లు కొట్టివేసి మళ్ళీ రాశాను. ఇందులోని తేదీలు అతన్ని పట్టిస్తాయి. నన్ను కూడా పట్టిస్తాయి. వేరే కాగితం మీద లెక్కలు మాత్రం ఎక్కించుకుని వెళ్ళవచ్చు. అయితే విడికాగితాన్ని అతను కల్పన అంటాడు; ఐదు తరాల పాటు ఒకే చేతితో, ఒకే పుస్తకంలో, మధ్యలో పుట చింపకుండా రాసినదాన్ని అనలేడు.

నమోదు 10. తరం 216, రోజు 15.

నిన్నటి సభ గురించి, వరుస తప్పకుండా.

తోట నడుమ గాజుకప్పు కింద నాలుగువందల మంది దాకా కూర్చున్నారు. ఎండ గాజులోంచి నేరుగా పడుతోంది. అసిరమ్మను ముందు నిలబెట్టారు. మా తోట ఆనవాయితీ ప్రకారం నేరం మోపబడినవారే చెడిన కాయలను అందరి ముందూ కోయాలి. ఆమె ముందు నలభై జామకాయలు పోశారు.

ఇందుశేఖర్ మాట్లాడాడు. వల గురించి, వృద్ధాప్యంలో మరుపు గురించి, ఆమె మీద తనకెంతో గౌరవం ఉండడం గురించి.

తవిటమ్మ చేయెత్తి ఆపింది. "ఇంకెవులైనా సెప్పేదుందా?"

లేచాను. "కాయలు కోయించండమ్మా. కోసినదాంట్లో పురుగులెన్నో నేను రాస్తాను."

అసిరమ్మ కోసింది. ఒక్కొక్క కాయకూ తవిటమ్మ వంగి చూసింది. నలభై కాయలు, అరవై ఒక్క పోట్లు, పురుగులు సున్నా.

"గుడ్లు ఇంకా పగిలి ఉండవు" అన్నాడు ఇందుశేఖర్.

"ఈ కాయలు వారం కిందట రాలినవి. బయటి ఈగ పొడిచి ఉంటే ఇప్పటికి లోపల పురుగుండాలి. గుడ్డు మూడు రోజుల్లో పగులుతుంది. మీరు రాసిన పాఠంలోనే ఉంది, నాలుగో పుట" అన్నాను. తరువాత సభ వైపు తిరిగాను. "ఒక్క ప్రశ్న అడగడానికి సెలవివ్వాలి. అయ్యా, మగ ఈగలో ముక్కలు ఒక క్రోమోజోము మీది నుంచి ఇంకోదాని మీదికి మారతాయా?"

అతను నవ్వాడు. చదువుకోనివాడు చదువుకున్న ప్రశ్న అడిగినప్పుడు నవ్వే నవ్వు.

"మారవు. మగ ఈగలో ఎన్నడూ మారవు. అది మొదటి పాఠం."

"అయితే గోధుమ గింజలోంచి ఆడది రావడానికి వీలుందా?"

"లేదు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా లేదు."

తవిటమ్మను వేడుకున్నాను: ఎవరినైనా శాలకు పంపి, ఇందుశేఖర్ తాళం వేసిన పెద్ద వరుస గదిలోంచి, ఇందుశేఖర్ చేతితోనే, ఈరోజు వదలవలసిన ఈగల పెట్టె ఒకటి తెప్పించమని. నేను ముట్టుకోనని. ఆమె తన మనుమరాలిని, ఇద్దరు తోటమాలులను అతని వెంట పంపింది. పెట్టె వచ్చింది. చల్లబరిచి తెల్లగుడ్డ మీద పోశారు. అవన్నీ గోధుమ గింజలోంచి వచ్చినవేనని అతనే చెప్పాడు. భూతద్దం తవిటమ్మకు ఇచ్చి, సూది ఎక్కడుంటుందో చూపించాను.

ఆమె నిదానమైన చూపున్న మనిషి, తొందరపడదు. వంద ఈగలను ఒక్కొక్కటే గడ్డిపోచతో పక్కకు జరిపింది. ఒక పక్క తొంభై రెండు. ఇంకో పక్క ఎనిమిది.

"ఇందుబాబూ" అంది, "ఇలా వొచ్చి ఈ ఎనిమిదీ ఏటో సెప్పు."

అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను అతని మెడ వెనుక భాగాన్ని చూస్తూ నిలబడ్డాను. తొమ్మిదేళ్ళు దీని కోసం ఎదురుచూశాను. ఒక్క క్షణం కూడా వదిలిపెట్టదలచలేదు. మెడ మొదట ఎర్రబడింది, తరువాత పాలిపోయింది. అతను లేచి నిలబడినప్పుడు సభ వైపు కాక నా వైపు చూశాడు.

"పండు ఈగలో మారతాయి" అన్నాను మెల్లగా. "మారనిది పులుపు ఈగలో."

తరువాత ఉత్తర్వు నకలు చదివాను. సంతకం చూపాను. తొమ్మిదేళ్ళ కిందట మా అప్ప సరిగ్గా ఇదే చెప్పిందని, ఆనాటి కాయల్లోనూ పురుగు లేదని గుర్తుచేశాను. గుర్తున్నవాళ్ళు తలలు వంచుకున్నారు. చివరి వరుసలో ఎవరో, "అవును, లేదు, నాను సూసినాను" అన్నారు.

అప్పుడు తవిటమ్మ అడగవలసినది అడిగింది.

"నీకెప్పుడు తెలిసిందిరా, కూర్మా?"

చిట్టా ఇచ్చాను. ఆమె మనుమరాలు మొదటి నుంచీ పైకి చదివింది. 2. 9. 41. 185. అసిరమ్మతో నేనన్న మాటలు కూడా. అవి వింటున్నంతసేపూ అసిరమ్మ కోసిన కాయల వైపే చూసింది.

చదవడం అయ్యాక తవిటమ్మ అంది: "నువ్వు నోరిప్పుంటే మూడు నెల్ల కిందటే ఆగేది."

"అవునమ్మా."

"తొమ్మిది వరసలు పోనాయి."

"తొమ్మిది."

"పశ్చాత్తాపమేటైనా ఉందా?"

ఆలోచించి చెప్పాను. "అసిరమ్మ చెట్ల విషయంలో ఉంది. మిగతాదానిలో లేదు."

తీర్పు: పైడితల్లి నిర్దోషి, వెంటనే పిలిపించాలి, వడపోత గది ఆమెకు అప్పగించాలి. ఏడో తోట నుంచి శుద్ధమైన వంశం అరువు తేవాలి. ఇందుశేఖర్‌కు ఉప్పుమేర మూడేళ్ళు. కూర్మారావుకు ఉప్పుమేర ఒక ఏడాది.

ఉప్పుమడికి ఇద్దరు చొప్పున ఉంటారు, ఒకరు గట్టు కాయడానికి, ఒకరు ఉప్పు లాగడానికి. నేను చేయెత్తి, ఇందుశేఖర్‌తో జతగా వేయమని కోరాను.

"ఆయన్తోనా? ఎందుకూ?" అంది తవిటమ్మ.

"మేమిద్దరం ఒకే పని తెలిసినవాళ్ళం. మాట్లాడుకోవడానికి ఉంటుంది."

ఆమె నన్ను కాసేపు చూసింది. "సరే. నీ శిక్ష నీకు నువ్వే ఏసుకున్నావు" అంది.

అసిరమ్మ నా పక్క నుంచే వెళ్ళింది. ఆగలేదు.

నమోదు 11. తరం 216, రోజు 22.

తోట గుమ్మం దగ్గర అప్ప బండి దిగింది. నేను బండి ఎక్కవలసి ఉంది. కాపలావాళ్ళు కాస్త ఎడంగా నిలబడ్డారు. ఇందుశేఖర్ అప్పటికే బండిలో కూర్చుని, మూట ఒళ్ళో పెట్టుకుని ఎదుటి గోడ చూస్తున్నాడు.

ఆమెకు యాభై రెండేళ్ళు. డెబ్బై అనుకుంటారు. ముందు చేతులు చూశాను: అరచేతుల్లో గీతలు లేవు, చెట్టు బెరడులా అతుకులున్నాయి.

కుశలం అడుగుతుందనుకున్నాను.

"వడపోత పంజరం ఏటి సేసినావు?" అంది.

"చంపేశాను. ఉత్తర్వులో ఉంది."

"ఒక్క జత దాయలేదేటి?"

"అన్నిటినీ అని ఉందప్పా."

ఆమె గుమ్మంలోంచి తోట లోపలికి చూసింది. కుళ్ళు వ్యాపించకుండా నరికేసిన తొమ్మిది వరుసలు అక్కడి నుంచి కనబడతాయి.

"నా పేరు నిలబెట్టినావు. తప్పుడు పనే సేసినావు, గాని నిలబెట్టినావు." నా తల మీద చేయి పెట్టింది. జుట్టుకు గరుకుగా తగిలింది. తరువాత సంచిలోంచి ఒక సీసా తీసి ఇచ్చింది. "ఆముదం. మడిలోకి దిగకముందే సేతులకి, కాళ్ళకి రాయాల. రోజూ. ఒక్క రోజు మానినా ఉప్పు పగలగొట్టేస్తాది. నాకిది మూడేళ్ళకి గాని తెలీలేదు, సెప్పినోళ్ళు లేక." బండి వైపు గడ్డంతో చూపించింది. "ఆయనకీ సెప్పు."

"నీకతని మీద కోపం లేదా?"

"కోపానికేటి, ఉంది. ఆ నొప్పి నాకు తెలుసు గనక సెప్తున్నాను."

సరేనన్నాను. బండి కదిలే ముందు వెనక్కి చూశాను. ఆమె అప్పటికే శాల వైపు నడుస్తోంది, వేగంగా.

నమోదు 12. ఉప్పుమేర. రోజు 6.

ఇక్కడ తరాలు లేవు. రోజులే.

పనులు: తెల్లవారగానే గట్టు చూడడం. తూము ఎత్తడం. ఎండ ముదిరే వరకు పలుగుచెక్కతో ఉప్పు లాగడం. ఇందుశేఖర్‌కు చెక్క పట్టడం రాదు. రెండు చేతులూ ఒకే చోట పెడతాడు. మాట్లాడుకుంటాము. నిన్న పండు ఈగ గురించి అడిగాడు, మగదానిలో ముక్కలు మారతాయని ఏ పుస్తకంలో రాసి ఉందని. పుస్తకం పేరు, పుట చెప్పాను. కళ్ళు మూసుకుని ఆ పుట సంఖ్యను పెదవులతో రెండుసార్లు అనుకున్నాడు.

ఈ మధ్యాహ్నం గుడిసె నీడలో కూర్చున్నప్పుడు అతను తన అరచేతులు చాచి చూసుకున్నాడు. బొటనవేలి కింద రెండు చోట్ల చీలింది. చీలికలోకి ఉప్పు దిగి తెల్లగా ఉంది. తరువాత నా చేతులు చూశాడు.

"నీవి పగల్లేదేం, కూర్మారావు?"

"నీటిగొట్టాల పని చేసిన చేతులండి. మొదటి నుంచీ మొద్దువి."

నమ్మాడు. నేను చెప్పినవి ఇప్పుడు నమ్ముతున్నాడు. చేతులు మడుచుకుని చంకల కింద పెట్టుకుని, మడి వైపు చూస్తూ కూర్చున్నాడు.

సీసా నా మూటలో, చొక్కా మడతలో ఉంది. పుల్లతో కొలిచాను. ఇద్దరం రాసుకుంటే నలభై రోజులు వస్తుంది. ఒక్కడికైతే ఎనభై.

ఎనభైకి గుర్తులు పెట్టుకున్నాను.